వెనక్కి లెక్క

ఫిబ్రవరిలోనే తొందరపడ్డాడు తూక్కా.
పాల డబ్బాలు అడ్డంగా కోసి, మట్టి నింపి
టమాటా గింజలు కిటికీ గట్టున నాటాడు.
బయట కెమి ఊరంతా నడుంలోతు మంచు.

మొలిచాయి, మొలవక కాదు.
లేని ఎండ కోసం మెడలు సాచి సాచి
దారప్పోగుల్లా ఒరిగిపోయాయి.

పై అంతస్తు ఇర్మెలి చూసింది, నవ్వలేదు.
గోడమీది క్యాలెండరు దించి
జూన్ నడిమధ్య వేలు పెట్టింది:
"ఆఖరి మంచు కాటు ఇదీ.
ఇక్కణ్ణుంచి వెనక్కి నడు, ఎనిమిది వారాలు.
దోసకైతే అంత దూరం కూడా వద్దు."

వేలు ఏప్రిల్‌లో ఎక్కడో ఆగింది.

పొట్లంలో ఇంకా ఏడు గింజలు.
కోటు జేబులో వేసుకు తిరుగుతున్నాడు.
బస్సు ఆలస్యమైన పొద్దుల్లో
చెవి దగ్గర పెట్టుకుని
ఒకసారి ఆడిస్తాడు.