ఈనె

ఫారం ఒకటే పేజీ.
పేరు, రోల్ నంబరు, వదిలేసే సబ్జెక్టు.
కారణం అన్నచోట రెండు గీతలిచ్చారు.
రెండు గీతల్లో పట్టేదే కారణమైతే
ఇంత రాత్రి నాకెందుకు మెలకువ?

శుక్రవారం నాలుగింటికల్లా ఒంగోల్లో
ఆఫీసు కిటికీలో పడాలి.
ఇంకా బుధవారమేగా అనుకుంటున్నా.
ఫోన్లో రెండున్నర. గురువారం వచ్చేసింది.

కొండపి దాటాక మా కౌలు చేను, గట్టున బ్యారన్.
మాలకొండయ్య మావ పొయ్యి ముందు గొంతుక్కూచుని
సరుగుడు మొద్దొకటి లోపలికి తోస్తాడు.
లేచి, గోడలోని అద్దం బిళ్ళకి టార్చి ఆనించి
లోపల వేలాడే థర్మామీటరు చదువుతాడు.
నూట యాభై.
"ఆకు ఎండింది. ఈనె ఎండలా."
చేటంత ఆకు ఆరడానికి ఒక రోజు,
చిటికెనవేలంత ఈనెకి ఇంకో రోజున్నర.
ఇప్పుడు మంట తీస్తే
ఈనెలో దాక్కున్న తడి వెనక్కొచ్చి
ఆకంతా నల్లబడుద్దంట.
నాకు బుద్ధి చెప్పాలని అన్నమాట కాదది.
ఆయనకి నా ఫారం సంగతే తెలీదు.

నా సబ్జెక్టు పేరు హీట్ ట్రాన్స్‌ఫర్.
ఆనర్స్ కోసం ఎగబడి తీసుకున్నది.
వదిలేస్తే డిగ్రీ ఆగదు,
పట్టాలో ఒక మాట తగ్గుద్ది, అంతే.
మొదటి మిడ్‌లో ముప్పైకి ఆరు,
అందులో రెండు బొమ్మ నీటుగా గీసినందుకు.
"బౌండరీ కండిషన్లు రాయకుండా లెక్కలోకి దూకకు"
సులోచనారాణి మేడమ్ ఎర్రింకు.
గట్టు చూసుకోకుండా ఎవడి చేలోనో దిగినట్టు
మూడు పేజీలు దున్నుకుంటూ పోయాను మరి.

గౌసియా పోయిన వారమే వదిలేసింది.
ఆ సాయంత్రం రెండు ప్లేట్ల పునుగులు తిని
"రాత్రి నిద్ర పట్టిందే" అంది.
దాని మీద కోపం రాలేదు నాకు.
ఆ నిద్ర మీద వచ్చింది.

నిరుడు టంగుటూరు వేలంలో
మా బేళ్లు మూడింటికి నో బిడ్ చీటీ పడింది.
అమ్మ వాటిని ఇంటికి తెచ్చి, విప్పి,
ఆకు ఆకూ ఒళ్లో పెట్టుకుని మళ్ళీ గ్రేడు చేసింది.
ఒక బేలు తిరిగి తీసుకుపోయింది, కొన్నారు.
రెండింటిని పోలేదు, ట్రాక్టరు బాడుగ కూడా రాదని.
ఏది మోసుకెళ్ళాలో, ఏది వదలాలో
ఎట్లా తేల్చావమ్మా అని అడిగితే
"పట్టుకుంటే తెలవదా" అంది.
నేను పట్టుకునే చూస్తున్నా.
ఆ పుస్తకం ఎనిమిది వందల పేజీల బరువుంది,
అంతకుమించి చేతికేం తెలియడం లేదు.

చలికి పొయ్యి దగ్గరికి జరిగా.
గోడ మీద అరచెయ్యి పెట్టా.
లోపల నూట యాభై, బయట డెబ్బై అనుకుందాం,
మధ్యలో మూరెడు ఇటుక.
గంటకి ఎంత వేడి పోతుంటది?
చేతికందిన కాగితం తిప్పి రాసుకుంటూ పోయా,
ఈసారి గట్లు ముందే గీసుకుని.
మూడుసార్లు కొట్టేశాక జవాబొచ్చింది:
మావ గంటకి వేసే మొద్దులకి మూడింతలు.
అంటే ఈ బ్యారన్
నిన్నటికే చల్లారిపోయుండాలి.
మళ్ళీ చెయ్యి పెట్టా. వెచ్చగానే ఉంది.
తప్పు గోడది కాదు.

కాగితం తిప్పి చూస్తే ఫారం.
వెనక ఇంత లెక్క ఉన్నది ఆఫీసులో తీసుకోరు.
కొత్తది పది రూపాయలు,
ఆరున్నర బస్సుకి పోతే ఇవ్వాళే దొరుకుద్ది.
పోతానేమో.

"ఏందమ్మే, ఇంకా పడుకోలా?"
"ఈ గోడ మందం ఎంతుంటది మావా, కరెక్టుగా?"
నా మొహంలోకి ఒకసారి చూశాడు.
ఎందుకని అడగలేదు.
టార్చి పళ్ళ మధ్య ఇరికించుకుని
తలుపు వార దగ్గర వంగి
ఇటుక మీద జానలేస్తున్నాడు.