ఏడూ పన్నెండు

మార్చిలో ఒక మంగళవారం
పాలు పొంగుతుండగా పొయ్యి ముందు పడిపోయాను.
తెలివొచ్చేసరికి నోట్లో ఇనుప రుచి,
పైన ఎవరో ఆకుపచ్చ చొక్కా మనిషి
నా పేరును మూడు ముక్కలు చేసి పిలుస్తున్నాడు.

డాక్టరమ్మ మెత్తగానే చెప్పింది.
మాత్రలు రెండు పూటలా.
స్నానాల గదికి గడియ వద్దు.
కారు, ఏడాదిపాటు, వద్దు.
మొదటి రెండూ విన్నాను.
మూడోదానికి ఏడ్చాను.

పద్నాలుగేళ్లుగా షెఫీల్డ్‌లో ఉంటున్నాను,
ఈ ఊరు కొండల మీద ఉందని తెలుసుననే అనుకున్నాను.
తెలిసింది రెండో గేరుకి.
మోకాళ్లకి ఎవరూ చెప్పలేదు.

ఇల్లు వాక్లీలో, కొండ నడుం మీద.
ట్రాము కింద, లోయలో.
మధ్యలో ఉన్నది రోడ్డంటారు గానీ
గోడకి చేరేసిన నిచ్చెన.
మొదటి వారం వానలో దిగుతూ
దొరికిన చెత్తడబ్బానల్లా పట్టుకున్నాను.
చక్రాలున్నవి కదా,
నాకంటే ముందు అవే దిగాయి.

చెప్పులు మారాయి ముందు. తర్వాత సంచి.
తర్వాత, నేననుకోలేదు, వంట.
గుమ్మడికాయను చేత్తో తూచి
వెనక్కి పెట్టేసిన రోజు ఇంట్లో పులుసు తప్పింది.
ఐదు కిలోల ఉల్లిపాయల బస్తా
నాలుగు పాయలకు దిగింది.
మూల మీది ఫరూక్ కొట్టుకి
కొత్తిమీర బుధవారం పదకొండుకి వస్తుంది.
ఇంతకాలం ఆ కొట్టు
నాకు ఎడమకి తిరగాల్సిన గుర్తు, అంతే.

మా ఆయన నేను దింపుతాగా అన్నాడు.
రెండు రోజులు దింపాడు.
మూడోనాడు గడియారం చూశాడు.
తప్పు అతనిది కాదు.
అతని ఆఫీసు హైవే పక్కన,
బస్సు పోదు, కాలిబాటా లేదు.
దాన్ని కట్టినవాడు
మనుషులకు కాళ్లుంటాయని మరిచిపోయాడు.

ఏడూ పన్నెండు బస్సంటే
ఏడూ పంతొమ్మిదని చెప్పింది మౌరీన్.
డెబ్భై రెండేళ్లు.
చెల్లెలి కుక్కను నడిపించడానికి
రోజూ రెండు బస్సులు మారి వెళ్తుంది.
"నాకు కారెప్పుడూ లేదు" అంది,
నాకు వంకాయ పడదు అన్నంత మామూలుగా.

ఆ ఏడు నిమిషాల్లో ఏం చేయాలో
నాకు చాన్నాళ్లు తెలీలేదు.
ఫోను చూసేదాన్ని. ఫోనులో బస్సును చూసేదాన్ని.
తర్వాతెప్పుడో అమ్మ గుర్తొచ్చింది.
పార్వతీపురంలో రిక్షా బేరమాడేది,
ఎక్కడానికి కాదు,
నడిచేముందు కాసేపు నిలబడటానికి.

నా పని కీళ్లకు కసరత్తు నేర్పడం.
ఇరవై ఏళ్లుగా అందరికీ చెప్పాను,
రోజూ నడవండి, మెట్లెక్కండి అని.
చెప్పి కారెక్కి ఇంటికొచ్చేదాన్ని.
ఇప్పుడు ముందు ఒకటే అడుగుతున్నాను:
మీ వీధి ఎక్కుతుందా, దిగుతుందా?
మొన్న ఒక ముసలాయన
కాలి సంగతి వదిలేసి
తన వీధి గురించి పావుగంట చెప్పాడు.

ఏప్రిల్లో లైసెన్సు తిరిగొచ్చింది.
కారు బ్యాటరీ చచ్చిపోయి ఉంది.
పక్క అద్దంలో సాలీడు కాపురం పెట్టింది,
పిల్లాపాపలతో.
ఉదిత దాన్ని కప్పులోకి తీసి పొదలో వదిలింది,
వచ్చే ఏడాది తనూ నేర్చుకుంటానంది,
నీకు మళ్లీ అవసరమైతే, అంది.
ఆ మాటకు వీపు నిమరాలో కసరాలో తెలీలేదు.

పొద్దున బయల్దేరాను.
కొండంతా ఒక నిమిషంలో అయిపోయింది.
ఒక్క చెత్తడబ్బా గుర్తుపట్టలేదు.
ఫరూక్ షట్టరెత్తుతున్నాడేమో, చూడలేదు.
స్టాపు దగ్గర మౌరీన్,
కళ్లు రోడ్డు పైకి, బస్సు కోసం.
హారన్ కొట్టబోయి ఆగాను.
పక్క సందులో ఒక ఖాళీ ఉంది,
కారు పట్టేంత.

గడియారం ఏడూ పన్నెండు.
బస్సుకింకా ఏడు నిమిషాలు.