పాత నంబరు, కొత్త నంబరు

పదిహేడు మెట్లు.
పైన నవనీతం అక్షరాలు పేరుస్తుంది,
కింద నేను అచ్చు వేస్తాను.
మధ్యలో నా కొంగు ముడిలో పెన్‌డ్రైవు.
ముహూర్తం మారిందని ఒకసారి,
పెళ్ళికొడుకు తాత పేరులో దీర్ఘం ఎక్కువైందని ఇంకోసారి.
నేను లెక్క మానేసినా
మోకాళ్ళు మానలేదు.

"కలిపేద్దాం" అన్నాను ఒక ఆదివారం.
"వేటిని?"
"నీ కంప్యూటర్నీ, నా కంప్యూటర్నీ."
"ఈ ఇంట్లో కలవాల్సినవి అవేనా" అని నవ్వింది.
తోడికోడలు కదా,
నవ్వులో ఒక కల్లు ఉప్పు ఎప్పుడూ ఉంటుంది.

రిచీ స్ట్రీట్‌లో తారు చెప్పుకి అంటుకుంటోంది.
కొట్టు కుర్రాడు తమిళంలో అడిగాడు, ఎన్ని మీటర్లక్కా అని.
జాకెట్టు కొలిచే టేపుతో
గోడలన్నీ కొలిచి తెచ్చిన అంకె చెప్పాను: పద్నాలుగు.
పద్నాలుగే కోశాడు.
నీలం తీగ చుట్టతో పాటు
గాజు గోళ్ళలాంటి కొసలు డజను పెట్టి
"సగం పాడవుతాయి" అన్నాడు ముందే, దయగా.

మూలల దగ్గర తీగ వంగుతుందని
టేపుకి తెలీదు, నాకూ తెలీదు.
స్నానాల గది వెంటిలేటరు దాటి
మోటారు పైపు వెంట పాకి
నవనీతం బల్లకి జానెడు ముందు ఆగిపోయింది.
బల్లనే కిటికీ దగ్గరికి జరిపాం.
పదేళ్ళలో మొదటిసారి
ఆమె వీధిని చూస్తూ టైపు చేసింది.

తోలు వలిస్తే లోపల నాలుగు జడలు,
జడకి రెండే పాయలు.
చిక్కు తియ్యడం నాకు వచ్చు,
వరసలో నిలబెట్టడమే.
నారింజ చార, నారింజ, ఆకుపచ్చ చార,
ఇక్కడ ఆకుపచ్చ రావాలి కదా, రాదు.
నీలం, నీలం చార, అప్పుడు ఆకుపచ్చ.
ఆ జంటని ఎందుకు విడదీశారో ఎవరూ చెప్పలేదు.
ముగ్గు చుక్కల్లా నోటికి పట్టించుకున్నాను.
మొదటి కొసలో గోధుమ రంగు పొట్టిగా తెగింది.
రెండోది అంతా తలకిందులు.
అయిదోది క్లిక్కుమంది.

పచ్చదీపం.
నల్ల తెర మీద పైదాని అంకె కొట్టి పిలిచాను.
పలికింది! నాలుగుసార్లు పలికింది.
మెట్ల దగ్గరికి పరిగెత్తి కేక వేశాను.
"నాది ఇందాకే ఆపేశానే" అంది పైనుంచి.

రాత్రి పదకొండింటికి తెలిసింది,
రెండింటికీ ఒకే అంకె ఇచ్చానని.
నూట తొంభై రెండు, నూట అరవై ఎనిమిది, ఒకటి, రెండు.
పైదీ రెండే, కిందదీ రెండే.
నాది దాన్నదే పిలుచుకుని
దానికదే జవాబు చెప్పుకుంది.

పెరంబూరులో పుట్టి నాకు తట్టొద్దూ!
మా గుమ్మానికి పాతది పద్నాలుగు, కొత్తది ముప్పై ఒకటి.
వీధి చివరింటికి కొత్తది పద్నాలుగు.
వాళ్ళ కోర్టు కాగితాలు మాకు,
మా గిరాకీల చెక్కులు వాళ్ళకి.
పోస్టుమాన్ ఎళిలరసు రెండిళ్ళ మధ్య సైకిలు ఆపి
పేరు పెట్టి అరుస్తాడు.
యంత్రం అరవదు.

పైదాన్ని మూడు చేశాను.
పిలిచాను.
మిల్లీసెకను కూడా పట్టలేదట.
పదిహేడు మెట్లు, మూడో మెట్టు పెచ్చు, నా ఆయాసం,
గుమ్మంలోనే ఆమె అందించే మజ్జిగ గ్లాసు
అన్నీ ఆ ఒకటి లోపలే ఇమిడిపోయాయి.

సోమవారం నుంచి కార్డులు వాటంతటవే దిగొచ్చాయి.
మంగళవారం కూడా.
పెన్‌డ్రైవు గూట్లో, పసుపు భరిణె పక్కన.
మోకాళ్ళు బాగున్నాయి.
పైన కుర్చీ జరిగిన చప్పుడు వింటాను,
అంతే.

గురువారం ప్రింటరు ఉన్నట్టుండి మేలుకుంది.
బంగారు అంచు కార్డు, ఒక్కోటి పదహారు రూపాయలు,
వినాయకుడి బొమ్మ కింద
పెళ్ళి అక్షరాల్లో:
"పాలు విరిగయి. నీ దగ్గరుంటే అర గ్లాసు."

కిటికీలోంచి ఒక్క కేక వేస్తే పోయేది.
ఎర్ర పెన్ను తీసి గ పక్కన దీర్ఘం పెట్టాను.
ప్రూఫు ప్రూఫే.
ఒక చేత్తో కార్డు, ఒక చేత్తో పాలగిన్నె,
తొణకకుండా,
పదిహేడూ ఎక్కాను.