మోకాలికీ బోడిగుండుకీ

మొదటి రోజు నేనడిగింది ఒక్కటే:
తొడ బిగించు.
టేగన్ పళ్ళు బిగించింది, పిడికిళ్ళు బిగించింది,
బల్ల మీద పరిచిన కాగితం చిరిగేలా మడమలూ బిగించింది.
తొడ మాత్రం
పిలిస్తే పలకని పక్కింటి పిల్లిలా
పడుకునే ఉంది.

బల్లరాట్‌లో జూన్. కిటికీ అద్దం మీద మంచు పొర.
కింద టైర్ల షాపులో ఎవరో గాలి కొడుతున్నారు.
పంతొమ్మిదేళ్ళ పిల్ల. నెట్‌బాల్‌లో వింగ్ డిఫెన్స్.
బంతి అందుకున్నాక పరిగెత్తకూడదు ఆ ఆటలో.
ఆట ఆగమంది, ఒళ్ళు ఆగింది,
మోకాలొక్కటే ఇంకో రవ్వ తిరిగింది.
"ఆ చప్పుడు నాకంటే ముందు మా అమ్మకి వినిపించింది,
కారులో ఉంది, అద్దాలన్నీ ఎత్తి" అంది.

పొంతన లేనివాటిని కలిపితే
మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టావంటారు మావాళ్ళు.
ఆ మాట పుట్టించినవాళ్ళు
ఒక్క పూట ఈ గదిలో కూర్చుని ఉంటే బాగుండేది.
మోకాలు వాచిన కబురు అందగానే
బుర్ర తొడతో మాటలు మానేస్తుంది,
ఆస్తి తగువు పడ్డ అన్నదమ్ముల్లా
ఒకే ఇంట్లో ఉంటూ.
పన్నెండేళ్ళుగా నేను వేస్తున్నది ఆ ముడే.
జీతం కూడా దానికే.

తొమ్మిదో రోజు
నా వేలి కింద ఏదో అదిరింది.
కాగబోయే పాల మీద మీగడ కదిలినంత.
మళ్ళీ, అన్నాను. మళ్ళీ అదిరింది.
ఫోన్‌లో తీసుకుంది టేగన్, నాలుగు సెకన్లు.
ఎవరికి చూపించినా ఒట్టి తొడే కనిపిస్తుంది.

ఆ తర్వాత చెప్పుకోడానికేం లేదు.
కాలు చాపితే మోకాలి కింద నా రెండు వేళ్ళు దూరేవి.
ఆ రెండు వేళ్ళ సందు పూడడానికి ఐదు వారాలు.
మడమ కింద తువ్వాలు చుట్ట, చిప్ప మీద నా అరచెయ్యి.
నేను గడియారం చూస్తుంటే
ఆమె నన్ను తిట్టేది,
వాళ్ళ తాత గొర్రెల్ని తిట్టే తిట్లట.
కొన్ని నేర్చుకున్నాను.

పదో వారం నవ్వుతూ వచ్చింది.
నొప్పి లేదంది. కుక్క తప్పించుకుంటే
వీధి చివరిదాకా పరిగెత్తానంది.
కూర్చోమన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.
తొడ వెనక నుంచి కోసి తెచ్చి
లోపల బిగించిన ఆ పీచు
పాత ప్రాణం వదిలేసింది, కొత్తది ఇంకా అందుకోలేదు.
నారు పీకి నాటిన మడి మొదట పాలిపోతుంది.
మూన తిరిగేదాకా
అందులో దూడని కూడా దిగనివ్వరు.
మూన తిరగడమంటే ఏమిటని అడిగింది.
ఇంగ్లీషులో వెతికాను. దొరకలేదు.
"మార్చి" అన్నాను.

మార్చి వచ్చింది.
ఎండకి గడ్డి తుప్పు రంగులో ఉంది.
కొత్త జెర్సీలు పంచుతున్నారట క్లబ్బులో.
నేల మీద సుద్దముక్కతో గీత గీశాను:
ఒంటికాలి మీద గెంతి, ఒంటికాలి మీదే దిగాలి.
మంచి కాలితో ఎప్పుడో గెంతేసింది.
రెండోదాన్ని గీత దగ్గర పెట్టి నిలబడింది.
తూకం సరిపోయింది, బలం సరిపోయింది,
నా కాగితాల్లో అన్నీ సరిపోయాయి.
చాలాసేపు అలాగే నిలబడింది.

"అటు తిరుగు" అంది.

తిరిగాను. కిటికీలోంచి
ఎవరో వ్యాను చక్రం విప్పుతున్నారు.
దిగేటప్పటి చప్పుడు నాకు బాగా తెలుసు,
మూట పడేసినట్టుంటే ఇంకా భయం ఉన్నట్టు,
మెత్తగా ఉంటే లేనట్టు.
చెవులు రిక్కించాను.
నట్లు ఒక్కొక్కటే రేకు గిన్నెలో పడుతున్నాయి.

"చూడొచ్చు" అంది.
ఒంటికాలి మీద ఉంది, కొంగలా,
గీతకి అవతలో, గీత మీదో,
పాదం కింద సుద్ద చెదిరిపోయి తెలియడం లేదు.
టేప్ తియ్యబోయాను.
వద్దని తలూపింది, కాలు ఇంకా దించకుండా.