పచ్చ

తెల్లారగట్ల ఐదుంబావుకి
నాసరయ్య వాల్వు తిప్పుతాడు.
నేల కింద ఎక్కడో గుంటూరు గొంతు సవరించుకుంటుంది.
ముందు గాలి, తర్వాత తుప్పు,
ఆ తర్వాత నీళ్లు.

నా పని చిన్నది.
చివరి కుళాయి దగ్గర గాజుగొట్టం పట్టడం,
రెండు చుక్కల మందు వేయడం,
పచ్చబడిందా లేదా చూడటం.
పచ్చబడితే క్లోరిన్ ఉన్నట్టు,
రిజిస్టర్లో టిక్కు.
పచ్చబడకపోతే
ఆ పచ్చ ఇంకో చోట తేలుతుంది,
నెలకో, నెలన్నరకో,
ఎవరి కంట్లోనో.

బ్రాడీపేటలో నేను దారి తప్పను.
లైను నంబరు, అడ్డరోడ్డు నంబరు, అంతే.
గళ్ల పుస్తకంలో కూడిక వేసినట్టు వేశారు ఆ పేటని.
అక్కడ నా గొట్టం ఇట్టే నిమ్మపండవుతుంది.
వాగు దాటితే అడ్రసు చెప్పే తీరే వేరు:
"బొగ్గుల అడితి దాటి, పాడైన బోరింగు పక్కన,
కుక్క పడుకునే అరుగు."
కుక్క లేచి వెళ్లిపోయిన రోజు
నేను సందంతా రెండుసార్లు తిరుగుతాను.

ఆ సందులో మురిక్కాలవా మంచినీళ్ల గొట్టమూ
ఒకే మంచం మీద పడుకున్న అన్నదమ్ములు.
గొట్టం నడుముకి సైకిలు ట్యూబు కట్టు.
నీళ్లొచ్చే గంటసేపూ ఫర్వాలేదు.
నీళ్లాగాక, మోటార్లు ఖాళీ గొట్టాన్ని ఇంకా పీలుస్తుంటే
ఆ కట్టు గుటకలు వేస్తుంది.
ఏం మింగుతుందో చెప్పక్కర్లేదు.

"రోజూ చూస్తావు గదమ్మా, ఏం కనిపిస్తది అందులో?"
బిందె పక్కకి జరిపి గౌసున్నీసా అడిగింది.
"రంగు."
"ఇయ్యాల ఏ రంగు?"
"ఏ రంగూ లేదు."
ఆమె ఒక్క క్షణం ఆగి, బిందె మళ్లీ కుళాయి కింద పెట్టింది.
ఆరున్నరకల్లా మిరపతొడిమలు తీసే పనికి పోవాలి,
ట్యాంకరు వచ్చేది పదింటికి.

మొన్నొక సంతకం కోసం ప్లానింగు సెక్షనుకి వెళ్లాను.
గోడకి ఊరి పటం, పాతది, మడతల దగ్గర చిరిగింది.
పార్కులకి ఆకుపచ్చ, ఇళ్లకి పసుపుపచ్చ.
గౌసున్నీసా సందు కోసం వెతికితే
నా వేలు ఆకుపచ్చ మీద ఆగింది.
చెట్లట, బెంచీలట,
వాననీరు ఇంకే గుంటట.
పక్కన కొత్త పటంలో అదే ముక్క పసుపుపచ్చ.
"తేడా ఏముందమ్మా," అన్నాడు గుమాస్తా, టీ చప్పరిస్తూ,
"అదీ పచ్చే, ఇదీ పచ్చే."

నిజమే, మన భాషకి చెయ్యి పెద్దది.
చిగురుకీ పసుపుకొమ్ముకీ ఒకే మాట పంచింది.
పచ్చగా బతకమని దీవించేదీ ఆ మాటతోనే.
ఆ మాటలోంచే
ఒక పార్కు
చెప్పుల చప్పుడైనా లేకుండా నడిచి వెళ్లిపోయింది.

శ్రావణంలో గౌసున్నీసా మనవడు కరీముల్లా
బడి మానేశాడు.
కామెర్లవాడికి లోకమంతా పచ్చన అంటారు.
అబద్ధం.
వాడికి గాలిపటం ఎర్రగానే ఉంది, అడిగాను.
వాడే మాకు పచ్చగా కనిపించాడు.

ఇంటికొచ్చి రిజిస్టరు వెనక్కి తిప్పాను.
ఆషాఢంలో పదకొండు రోజులు
టిక్కు, టిక్కు, టిక్కు.
అప్పుడు మందు సీసా ఖాళీ.
ఇండెంటు పెట్టాను, రాలేదు.
గడి ఖాళీగా ఉండకూడదన్నారు.
ఉంచలేదు.

ఇది నాసరయ్యకి చెప్పలేదు.
గౌసున్నీసాకి చెబుదామని రెండుసార్లు వెళ్లాను,
రెండుసార్లూ ఆమె నాకు కుర్చీ వేసింది,
మంచినీళ్లు ఇచ్చింది.
తాగాను.

ఇప్పుడు కరీముల్లా కాస్త తేరుకున్నాడు.
పొద్దున్నే అరుగు మీద, కుక్క పక్కన కూర్చుని
నా గొట్టం కోసం చెయ్యి చాపుతాడు.
ఎండకి ఎత్తి పట్టుకుని అరుస్తాడు:
"నానీ, పచ్చగుంది!"
ఎండలో ఏ నీళ్లయినా కాస్త పచ్చగానే ఉంటాయి.
వాడి చెయ్యి పట్టి మెల్లగా దించి
గోడ నీడలోకి, తెల్లకాగితం ముందుకి తెస్తాను.
ఇద్దరం వంగి చూస్తాం.