తెగులు మడి

ఆస్పరి దాటినాక, పత్తి మిల్లు వెనక,
మా ఆఫీసు నల్లరేగడిలో
ముప్పై సెంట్ల ముక్క ఒకటుంది.
ఎవరైనా చేనికి ఎరువు తోలుతారు,
మేం దీనికి తెగులు తోలుతాం.
ఎండి చచ్చిన శనగ కాడల్ని ఏరి
కొడవలితో తుంచి
అదే మన్నులో కలియదున్నుతాం.
పదహారేళ్లుగా సాకుతున్నాం
కంటికి ఆనని ఒక బూజును,
పాడిబర్రెను సాకినట్టు.

రిజిస్టరులో దీని పేరు తెగులు మడి.
సుంకులమ్మ మాత్రం జబ్బుచేను అంటుంది.
గేటు దగ్గర తొట్టిలో నీళ్లుంటాయి:
పోయేటప్పుడు కాళ్లు కడగాలి,
గొర్రు కడగాలి,
గోళ్లలో మన్ను కూడా గేటు దాటగూడదు.
దాటితే ఏమవుతుందో
ఆమెకు నేను చెప్పేదేముంది.
బిణిగేరిలో ఆమె రెండెకరాలు
మూడేళ్లుగా పూతకు ముందే ఎండుతున్నాయి.

స్వాతి కార్తెలో విత్తుతాం.
నూట ఎనభై రకాలు, సాలుకొకటి.
గాజు ఇంట్లో సంకరం చేసి పంపినవి,
తెల్లటి కాబూలీ గింజలు,
ఎవరో అవ్వ బూడిద కలిపి
ఉట్టిమీది కుండలో దాచుకున్నవి.
ప్రతి నాలుగు సాళ్లకూ ఒక సాలు
ఖాయంగా చచ్చే రకం.
అది చస్తేనే మా లెక్క లెక్క.
అది నవనవలాడిందా,
ఆ మన్నులో తెగులు లేనట్టు,
పక్కన బతికినవి బతికినట్టు కానట్టు.

"ఏటేటా సచ్చేదానికే ఏస్తాండారే సారూ,
దీని పాపమేంది?"
కలుపు తీస్తూ అడిగింది ఒకనాడు.
మంచు పట్టిన ఆకుల పులుసు తగిలి
ఆమె చీర కుచ్చిళ్లు
ఏ సబ్బుకూ పోని తెలుపెక్కినాయి.
చెప్పాను: సాక్ష్యం కోసమమ్మా.
ఆమె మళ్లీ అడగలేదు.
ఒప్పుకుందని కాదు.

ముప్పయ్యో రోజు లెక్క.
వాలిన మొక్కను పీకి, కాడ నిలువునా చీలిస్తే
నడుమ కాఫీ డికాక్షన్ రంగు గీత.
ఒకటి, ఒకటి, ఒకటి.
నేను గీతలు పెడుతూ పోతున్నాను,
వెనక నుంచి ఆమె:
"సారూ, ఇది బతికుండాది."
చచ్చే సాలులో, ఒక్కటి.
పచ్చగా, పూత మీద,
ఊదారంగు పూలు నాలుగు.

నా పుస్తకంలో దానికి గడి లేదు.
ఆమె కొంగు అంచు నుంచి పోగు లాగి
మొదట్లో కట్టింది.
నేను వద్దనలేదు.
నలభై మూడు గింజలిచ్చింది ఆ చెట్టు.
కాగితం పొట్లంలో పోసి
తేదీ రాశాను, పేరు రాయలేదు.
ఆ ఏడే నూట పన్నెండో రకం
సాలు సాలంతా నిలబడింది.
గుప్పెడు అడిగింది సుంకులమ్మ,
చెయ్యి చాచకుండా, పొట్లం వైపు చూస్తూ.
ఇంకో రెండు ఊళ్ల మన్ను చూడాలమ్మా,
ఇంకో మూడేళ్లమ్మా, అన్నాను.
ఆ మాట నాకే ఇసుక నమిలినట్టుండింది.
ఆమె తన చేన్లో జొన్న వేసింది.

మరుసటేడు పోగు చెట్టు గింజలకు
విడిగా ఒక సాలు.
రోజూ పొద్దున్నే ఇద్దరం అటే పోయేవాళ్లం,
పనున్నా లేకున్నా.
ఇరవై ఎనిమిదో నాటికి ముప్పై ఒకటి వాలినాయి.
పుష్యమాసం చలికి మిగతావీ.
ఆఖరిదాన్ని నేనే చీల్చాను.
అదే గీత.

చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.
మిల్లు కాడ లారీ ఒకటి
రివర్స్ గేరులో కూస్తూనే ఉంది.
"పోయినేడు బూజు దాని ఏరు కాడికి పోల్యా.
అంతే గదా సారూ.
అదురుష్టం ఇత్తనంలోకి దిగదు."
పదహారేళ్లుగా నేను నివేదికల్లో
ఇంత పొట్టిగా రాయలేకపోయాను.

మళ్లీ స్వాతి.
తాడు కట్టి సాళ్లు గీశాం.
నూట పన్నెండును జానెడెడంగా వేసుకుంటూ వచ్చి
చచ్చే రకం పొట్లం విప్పింది.
తొందరపడుతుందనుకున్నాను.
ఒక్కో గింజనూ బొటనవేలితో
రెండు కణుపుల లోతుకు దించి,
మన్ను కప్పి, అరచేత్తో అదిమి,
జానెడు జరిగి, మళ్లీ.
సాలు చివర లేచి నిలబడి,
నడుం మీద చేతులు పెట్టుకొని,
తొట్టిలో నీళ్లు పోయమని
గేటు కాడి మద్దిలేటిని కేకేసింది.