ఆరున్నొకటి

అల్లూరు బస్టాండు ఎదురు మేడమీద
మూడు రాత్రులుగా
ఒక్క ఫైలే ఖాళీగా ఉండాది.
ఆట అయిపోయింది.
ఉప్పు కయ్యలో నీళ్ళు ఆరడం, పేరడం,
మబ్బు కమ్మకముందే గంపకెత్తడం
అంతా నడుస్తోంది తెరమీద.
ఇంక అది ఎవరిదో రాయాలి.
అందరిదీ అని రాయాలన్నా
ముందు ఎవరిదో తేలాలంట.

కోడ్ నాది. దానికి పెద్దగా ఆలోచించలేదు.
మా నాయన చివరాయకట్టు రైతు.
పై కయ్యవాడు తడి పెట్టుకొని తూము మూసేస్తే
ఎండిన నారు పక్కన, గట్టుమీద
తువ్వాలు పరుచుకొని పడుకున్న మనిషి.
అందుకే వెతికి వెతికి ఆ లైసెన్సే పట్టుకున్నా:
తీసుకో, మార్చుకో, అమ్ముకో,
నీ తర్వాతోడికి మాత్రం తూము తెరిచి పెట్టు.

బొమ్మలు షంషాద్‌వి.
ఉదయగిరిలో వాళ్ళింట్లో చెక్క గరిటెలు చెక్కుతారు.
"పిడిమీద ఆ చేప మా తాత గీసిందే,
ఇప్పుడు వీధంతా చెక్కుతుంది, ఎవరూ ఆయన మాటెత్తరు.
వాడుకోనీ ఎవరన్నా. పేరొక్కటి ఉంచమను."
కాసేపాగి,
"నాది కాదు, ఆయనది" అంది.
అమ్ముకోకూడదని పెడదామా అన్నా.
నవ్వింది. "గరిటెలు అమ్మేగదా నన్ను చదివించారు?"

మిగిలింది గొంతు.

ఇస్కపల్లిలో, తెల్లారుజామున,
వెంగమ్మ గంపలు లెక్కపెడుతుంటే ఫోన్లో పట్టింది:
లాభం... రెండు... మూడు...
ఏడు అనదు. ఏడుపొస్తుందని
ఆరున్నొకటి అంటుంది.
ఆటలో ప్రతి గంపకీ ఆమే పలుకుతుంది.

పోయి అడిగా.
పార ఆపకుండానే విన్నది.
లోకంలో ఎవరైనా నీ మాట తీసుకోవచ్చు,
కోసుకోవచ్చు, అతికించుకోవచ్చు,
ఇచ్చాక వెనక్కి తీసుకునేది లేదు అని చెప్పా.
"లెక్క నాదా యేంది? మా అత్త నేర్పింది.
గొంతంటావా, తీసుకోమను. అరిగిపోద్దా?"
నేను లేవబోతే పార ఆపింది.
"ఒకటి రాయి.
దొంగ లెక్కకి నా గొంతు వాడొద్దని రాయి.
ముప్పై గంపలెత్తితే ఇరవయ్యారు రాసుకున్నోళ్ళని
చూసుండా నేను."

రాత్రంతా వెతికా.
ఇన్ని లైసెన్సుల్లో ఆ మాట ఉన్నది దొరకలేదు.
ఆ మాట పెడితే అది ఓపెన్ కాదంట:
ఎందుకు వాడతావని అడగకపోవడమే దాని ధర్మం.
కాదనలేను. తూము అడగదు గదా
వరికా, కలుపుకా అని.
అయినా ఆ పార ఆగిన చప్పుడు
చెవిలోనించి పోలేదు.

నిన్న ఆట పెట్టేశా.
కోడ్‌కి ఒక కాయితం, బొమ్మలకి ఒకటి.
గొంతు నా దగ్గరే ఆగింది.
గంపలు చడీచప్పుడు లేకుండా నిండుతున్నాయి.

పొద్దున్నే ఎవరో రాశారు, సౌండు రావట్లేదని.
జవాబు మూడుసార్లు చెరిపా.
మీరే లెక్కపెట్టుకోండి అని రాసి,
కింద ఒక వరస చేర్చా:
మొదటిది లాభం. ఏడు అనొద్దు.